రొయ్యల చెరువు పీఎల్‌సీకి కోడ్‌తో విలువలు రాయడం: ప్రాజెక్టు డైరీ

కాళ్ళ మండలంలో మా బావగారివి మూడు వనామి చెరువులు. ఒక్కో చెరువుకు ఆరు ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే చక్రాలు), ఒక్కోటి 2 హెచ్‌పీ. మూడేసి మోటార్లకు ఒక కాంటాక్టర్ (మోటార్లకు కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్), అంటే చెరువుకు రెండు బ్యాంకులు. ప్యానెల్‌లో పీఎల్‌సీ (మోటార్లను ఆన్, ఆఫ్ చేసే పారిశ్రామిక కంట్రోలర్) ముందే ఉంది, దానిలోనే ఓపీసీ యూఏ సర్వర్ కూడా ఉంది. ఓపీసీ యూఏ అంటే బయటి కంప్యూటర్లు పీఎల్‌సీలో విలువలు చదవడానికి, రాయడానికి ఉన్న ప్రామాణిక పద్ధతి. కానీ ఇన్నాళ్లూ అది చేసిన పని ఒక్కటే: రాత్రి 9కి ఏరియేటర్లు ఆన్, పొద్దున 7కి ఆఫ్. నీళ్లలో ఆక్సిజన్ ఎంత ఉందో దానికి తెలియదు.

నేను చేయాల్సింది ఇది. సెన్సర్ నుంచి ఆక్సిజన్ విలువ చదివి, పైథాన్ కోడ్‌తో పీఎల్‌సీలో రాయాలి. ఎంతకు పడిపోతే ఏరియేటర్లు తిరగాలో ఆ సెట్‌పాయింట్ కూడా ఫోన్ నుంచి మార్చగలగాలి. చదవడం మీద సమాచారం చాలా దొరుకుతుంది. రాయడం మీద తక్కువ. నాకు ఎక్కువ రోజులు పట్టింది అక్కడే కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

మొదటి ఖర్చు

- రాస్ప్‌బెర్రీ పై 4 (పైథాన్ కోడ్ నడిచే చిన్న కంప్యూటర్), డబ్బా, కార్డు, అడాప్టర్: రూ. 7,400
- ఆర్‌ఎస్-485 కన్వర్టర్ (సెన్సర్ వైరును కంప్యూటర్‌కు కలిపేది): రూ. 450
- ఆప్టికల్ ఆక్సిజన్ సెన్సర్లు రెండు: రూ. 56,000
- ల్యాన్ కేబుల్, గొట్టం: రూ. 2,150

ఇప్పటిదాకా మొత్తం: రూ. 66,000. సెన్సర్లు రెండే కాబట్టి మూడో చెరువు పాత టైమర్ మీదే ఉంది.

దశ 1: కనెక్షన్ (1 నుంచి 3వ రోజు)

సర్వర్ 4840 పోర్టు మీద వింటోంది, పింగ్ వెళ్తోంది, కనెక్షన్ మాత్రం టైమ్‌అవుట్. కారణం ఏమిటంటే, ముందు ఐపీ అడ్రస్‌తోనే వెళ్లినా, సర్వర్ తన ఎండ్‌పాయింట్ల (కనెక్ట్ కావాల్సిన చిరునామాల) జాబితాలో ఐపీ ఇవ్వకుండా ప్యానెల్ పేరు ఇస్తోంది. ఆ పేరు ఏ ఐపీదో రాస్ప్‌బెర్రీ పైకి తెలియదు. పేరుకు ఐపీని జతచేసే హోస్ట్స్ ఫైల్‌లో ఒక లైను చేర్చితే సరిపోయింది.

రెండో అడ్డంకి సర్టిఫికెట్, అంటే కంప్యూటర్ డిజిటల్ గుర్తింపు పత్రం. భద్రతా విధానం బేసిక్256షా256, సంతకంతో పాటు ఎన్‌క్రిప్షన్ పెట్టాను. రాస్ప్‌బెర్రీ పై సర్టిఫికెట్‌ను పీఎల్‌సీలో నమ్మకమైన వాటి జాబితాలోకి ఎక్కించాక పని చేసింది. సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. మళ్లీ కనెక్ట్ కాలేదు. లోపం పేరు 'బ్యాడ్ సర్టిఫికెట్ టైమ్ ఇన్వాలిడ్'. సర్టిఫికెట్‌కు ఏమీ కాలేదు. పీఎల్‌సీ గడియారం పాత తేదీకి వెనక్కి వెళ్లిపోయింది. ఆ తేదీకి నా సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు.

పీఎల్‌సీ తన టైమ్‌ను రాస్ప్‌బెర్రీ పై నుంచి తీసుకునేలా ఎన్‌టీపీ (నెట్‌వర్క్ మీద గడియారం సరిచేసే పద్ధతి) పెట్టాను. అయితే రాస్ప్‌బెర్రీ పై 4 లో కూడా బ్యాటరీ గడియారం ఉండదు. కరెంటు వచ్చిన వెంటనే ఇంటర్నెట్ లేకపోతే అది కూడా తప్పు టైమే చెబుతుంది. డీఎస్3231 గడియారం మాడ్యూల్ కొన్నాను, రూ. 280. మా వైపు రోజుకు ఒకటి రెండుసార్లైనా కరెంటు పోతుంది కాబట్టి ఈ మాడ్యూల్ మొదటి రోజే కొని ఉండాల్సింది.

ఇప్పటిదాకా: రూ. 66,280. చదవడం పాస్. ఒక్క విలువ కూడా రాయలేదు.

దశ 2: మొదటి విలువ (4వ రోజు)

సెట్‌పాయింట్ ట్యాగ్‌లో 4.5 రాయబోయాను. ట్యాగ్ అంటే పీఎల్‌సీలో ఒక విలువ ఉండే పేరున్న చోటు, ఓపీసీ యూఏలో దాన్నే నోడ్ అంటారు. వరసగా మూడు లోపాలు వచ్చాయి. ఒకటి తీరితేగాని రెండోది కనపడలేదు.

1. 'బ్యాడ్ నాట్ రైటబుల్'. నోడ్‌కు యాక్సెస్ లెవెల్ అని ఒక లక్షణం ఉంటుంది. 1 అంటే చదవడం, 2 అంటే రాయడం, రెండూ ఉంటే 3. మా ట్యాగ్‌లకు 1 ఉంది. పీఎల్‌సీ ప్రోగ్రామ్‌లో ఆ ట్యాగ్‌కు రాసే అనుమతి టిక్ పెట్టి మళ్లీ డౌన్‌లోడ్ చేయాలి.
2. 'బ్యాడ్ యూజర్ యాక్సెస్ డినైడ్'. యాక్సెస్ లెవెల్ 3 అయింది, యూజర్ యాక్సెస్ లెవెల్ మాత్రం 1. పేరు లేకుండా లోపలికి వచ్చిన వాళ్లు చదవచ్చు, రాయకూడదు. ఇది మంచి నియమమే, తీసేయకండి. రాయడానికి వేరే యూజర్ తయారు చేసుకోండి.
3. 'బ్యాడ్ టైప్ మిస్‌మ్యాచ్'. పైథాన్‌లో దశాంశ సంఖ్య 64 బిట్ల డబుల్. పీఎల్‌సీలో రియల్ అంటే 32 బిట్ల ఫ్లోట్. సర్వర్ తనంతట తాను మార్చుకోదు, వెనక్కి కొడుతుంది. పూర్ణసంఖ్యల్లోనూ ఇదే తంతు: రకం చెప్పకపోతే లైబ్రరీ 64 బిట్లుగా పంపుతుంది, పీఎల్‌సీ ఇంట్ 16 బిట్లు.

మూడోదానికి నేను చేసిన మార్పు: కోడ్ మొదలవగానే ప్రతి నోడ్‌ను దాని డేటాటైప్ అడిగి డిక్షనరీలో పెట్టుకుంటుంది. రాసేటప్పుడు ఆ రకంతోనే వేరియంట్ (విలువ, దాని రకం కలిపిన పొట్లం) తయారు చేస్తుంది. రకాన్ని నేను చేత్తో రాస్తే, రేపు ప్యానెల్ ప్రోగ్రామ్‌లో ఎవరైనా మార్చినప్పుడు మళ్లీ మొదటికొస్తుంది.

నేమ్‌స్పేస్ (నోడ్ పేరు ఏ గుంపులోదో చెప్పేది) నంబరు కూడా అంతే. 3 అనో 4 అనో కోడ్‌లో పెట్టేయకుండా, నేమ్‌స్పేస్ చిరునామా ఇచ్చి నంబరు ఎంతో సర్వర్‌నే అడగండి.

దశ 3: టైమ్‌స్టాంప్ (5వ రోజు)

రకం సరిచేశాక 'బ్యాడ్ రైట్ నాట్ సపోర్టెడ్'. దీని మీద సగం రోజు పోయింది, ఎందుకంటే పేరు చూస్తే అసలు రాయడమే కుదరదన్నట్టు ఉంటుంది. విషయం అది కాదు. ఓపీసీ యూఏలో విలువ ఒంటరిగా వెళ్లదు. విలువ, దాని నాణ్యత చెప్పే స్టేటస్, టైమ్‌స్టాంపులు, అన్నీ కలిసి డేటావాల్యూ అనే ఒక మూటగా వెళ్తాయి. విలువను మాత్రమే తీసుకునే సర్వర్లు చాలా ఉన్నాయి. మూటలో టైమ్‌స్టాంప్ కూడా కనిపిస్తే మొత్తం మూటను తిప్పి పంపుతాయి.

నేను వాడే ఏసింక్‌యూఏ లైబ్రరీలో మామూలుగా రాస్తే టైమ్‌స్టాంప్ జతై వెళ్తోంది. డేటావాల్యూను నేనే తయారు చేసి, వేరియంట్ ఒక్కటి పెట్టి, సోర్స్ టైమ్, సర్వర్ టైమ్, స్టేటస్ మూడూ ఖాళీగా వదిలాను. వెంటనే 'గుడ్' వచ్చింది.

స్టేటస్ పంపలేమన్న ఈ సంగతి గుర్తుంచుకోండి, 7వ దశలో దీని అవసరం పడింది.

రైట్లు (విలువ రాసిన ప్రయత్నాలు) ఇప్పటిదాకా: 24. పాస్: 1.

దశ 4: 4.2 రాత్రి (7వ రోజు)

రాశాక తిరిగి చదివి, రెండూ ఒకటేనా అని చూసి, కాకపోతే 5 సెకన్లకు మళ్లీ రాసేలా పెట్టాను. 4.5 తో పరీక్షించాను, బాగుంది. 5.0 తో కూడా బాగుంది. రాత్రి 9కి బావ ఫోన్ చేసి, "ఏరా, 4.2 పెట్టు చాలు, నీళ్లు బానే ఉన్నాయి" అన్నారు. పెట్టి పడుకున్నాను.

పొద్దున 5కి లాగ్ తెరిస్తే 5,760 రైట్లు. అన్నీ 'గుడ్'. అన్నీ 'సరిపోలలేదు'.

4.2 ను 32 బిట్ల ఫ్లోట్‌లో సరిగ్గా పెట్టడం కుదరదు. పీఎల్‌సీలో అది 4.199999809 అవుతుంది. తిరిగి చదివి పైథాన్ 4.2 తో పోలిస్తే ఎప్పటికీ సమానం కాదు. 4.5, 5.0 రెండూ బైనరీలో సరిగ్గా కూర్చునే అంకెలు కావడంతో నా పరీక్షలో తప్పు దాక్కుంది. మీరు పరీక్షించేటప్పుడు 4.2, 3.7, 0.1 లాంటివి వాడండి.

తాత్కాలికంగా, తేడా 0.001 కంటే తక్కువైతే సమానమే అనుకోమన్నాను. అసలు మార్పు తర్వాతి దశలో చేశాను.

రైట్లు: 5,811. పనికొచ్చినవి చాలా తక్కువ.

దశ 5: 'గుడ్' వచ్చింది, చక్రం తిరగలేదు (8 నుంచి 10వ రోజు)

మొదటి చెరువు మొదటి బ్యాంకు ఆన్ కావాలని, అవుట్‌పుట్ ట్యాగ్‌లోనే 1 రాశాను. 'గుడ్'. కాంటాక్టర్ కదల్లేదు. వెంటనే తిరిగి చదివితే 0. ఇరవైసార్లు రాశాను, ఇరవైసార్లూ అంతే.

పీఎల్‌సీ తన ప్రోగ్రామ్‌ను మొదటి నుంచి చివరిదాకా తిప్పుతూనే ఉంటుంది. మాదానికి ఒక చుట్టుకు దాదాపు 10 మిల్లీసెకన్లు. ఆ చుట్టులో టైమర్ లాజిక్ అవుట్‌పుట్‌ను 0 అని రాసేస్తుంది. నేను రాసిన 1 బతికేది ఒక్క చుట్టు, అంతే. సర్వర్ ఇచ్చిన 'గుడ్'కు అర్థం 'నీ విలువ మెమరీలో పెట్టాను' అనే. దాన్ని ప్రోగ్రామ్ వాడుకుందని గానీ, మోటారు తిరిగిందని గానీ కాదు. ఈ డైరీలో ఒక్క ముక్క మాత్రమే చదివే తీరిక ఉంటే ఈ పేరానే చదవండి.

పాత ప్రోగ్రామ్‌ను పక్కకు తోసి అవుట్‌పుట్‌ను కోడ్ చేతికి ఇవ్వచ్చు. నేను ఇవ్వలేదు. మోటారు ఎప్పుడు తిరగాలన్నది పీఎల్‌సీ నిర్ణయంగానే ఉండాలి. కోడ్ తనకు తెలిసింది చెప్పాలి, కావాల్సింది అడగాలి. ప్యానెల్ కట్టినాయనతో కూర్చుని ట్యాగ్‌లు ఇలా మార్చాం:

1. కోడ్ 'అడిగిన సెట్‌పాయింట్' ట్యాగ్‌లో విలువ రాస్తుంది.
2. దానికి 'గుడ్' వచ్చాక, వేరే రిక్వెస్ట్‌లో 'వరస సంఖ్య' ట్యాగ్‌ను ఒకటి పెంచుతుంది.
3. వరస సంఖ్య మారిందని పీఎల్‌సీ చూస్తుంది. విలువ 3.5 నుంచి 6.0 మధ్య ఉంటే 'అమల్లో ఉన్న సెట్‌పాయింట్'లోకి కాపీ చేస్తుంది. లేకపోతే తోసేస్తుంది.
4. రెండింట్లో ఏది జరిగినా అదే సంఖ్యను 'జవాబు సంఖ్య'లో పెట్టి, ఒప్పుకుందో లేదో పక్క ట్యాగ్‌లో చెబుతుంది.
5. 3 సెకన్లలో జవాబు సంఖ్య రాకపోతే కోడ్ ఫోన్‌కు మెసేజ్ పంపుతుంది. తనంతట తాను మళ్లీ రాయదు.

రెండు విలువలనూ ఒకే రిక్వెస్ట్‌లో పంపితే ఏది ముందు రాస్తుందో ప్రమాణం హామీ ఇవ్వదు, అందుకే విడివిడిగా పంపుతున్నాను. ఈ పద్ధతి వచ్చాక 4.2 గొడవ కూడా పోయింది. ఇప్పుడు పోల్చేది పూర్ణసంఖ్యలను.

సెట్‌పాయింట్ మార్పులు పరీక్షలో: 60. ఒప్పుకున్నవి 48, కావాలని తప్పు ఇచ్చి తోయించినవి 12. జవాబు రానివి 0. జవాబుకు పట్టిన టైమ్ 40 నుంచి 130 మిల్లీసెకన్లు.

దశ 6: గుండె చప్పుడు (11 నుంచి 13వ రోజు)

రాస్ప్‌బెర్రీ పై ఆగిపోతే ఏం కావాలి? చివరగా రాసిన ఆక్సిజన్ విలువ పీఎల్‌సీలో అలాగే ఉండిపోతుంది. అది సాయంత్రపు 7.1 పీపీఎం (లీటరు నీటికి మిల్లీగ్రాములు) అయితే, రాత్రంతా 7.1 ఉందనుకుని పీఎల్‌సీ మోటార్లు ఆపేసి కూర్చుంటుంది. పగలు ఎండకు నీళ్లలోని ఆల్గే ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే తీసుకుంటుంది. తెల్లవారుజామున, పొద్దు పొడిచే ముందు అన్నిటికంటే తక్కువ ఉంటుంది. మనం నిద్రపోయే టైమే రొయ్యకు గండం.

అందుకని కోడ్ 10 సెకన్లకు ఒకసారి ఒక సంఖ్యను పెంచుతుంది. 60 సెకన్ల పాటు అది మారకపోతే పీఎల్‌సీ కోడ్‌ను మర్చిపోయి పాత టైమర్ పద్ధతికి వెళ్తుంది. ల్యాన్ వైరు పీకి చూశాను: 61వ సెకనుకు కాంటాక్టర్ పడింది, అంటే ఆన్ అయింది.

తర్వాత ఇంకో పరీక్షలో తప్పు బయటపడింది. సెన్సర్ చదివే భాగం కావాలని ఇరుక్కుపోయేలా చేశాను. కోడ్ పని చేయట్లేదు, గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంది. గుండె చప్పుడును నేను వేరే టాస్క్‌లో పెట్టడమే కారణం. అది అసలు పనితో సంబంధం లేకుండా తనదారిన తాను సంఖ్య పెంచుకుంటూ పోతోంది. తీసేశాను. ఇప్పుడు సెన్సర్ చదవడం, విలువ రాయడం, రెండూ పూర్తయిన చుట్టు చివరనే సంఖ్య పెరుగుతుంది. చుట్టు పూర్తి కాకపోతే చప్పుడు లేదు.

ల్యాన్ వైరు పీకడం 10సార్లు, రాస్ప్‌బెర్రీ పై కరెంటు తీయడం 10సార్లు, కోడ్ ఇరికించడం 10సార్లు. ముప్పైకి ముప్పై పాస్.

దశ 7: పందికొక్కు (19వ రోజు రాత్రి)

మూడు రోజులుగా ముసురు. ఎండ మొహం లేదు. పంటకు 62వ రోజు. రాత్రి 2:40కి కాపలా బాబాయ్ ఫోన్. "బాబూ, రెండో చెరువులో చక్రాల చప్పుడు లేదండి. మెలకువొచ్చేసింది."

ఆ చప్పుడులోనే రోజూ నిద్రపోయే మనిషి, అది లేకపోయేసరికి లేచి కూర్చున్నారు. నేను భీమవరం నుంచి బండి మీద వెళ్లేసరికి 3:10. ఆయన అప్పటికే స్విచ్‌ను మాన్యువల్‌కు తిప్పి రెండు బ్యాంకులూ నడిపిస్తున్నారు. టార్చి వేస్తే గట్టు వారన రొయ్యలు. నీటి అంచుకు చేరి, మీసాలు పైకి పెట్టి, వెలుతురు పడినా లోపలికి పోవడం లేదు. మామూలుగా టార్చి పడగానే చిటుక్కున మాయమవుతాయి. చేతి మీటరు ముంచితే 2.6 పీపీఎం. వర్షంలో గట్టు మీద నిలబడి పది నిమిషాలకోసారి కొలిచాం. 2.8, 3.0, 3.1. 4:10కి 3.9 దాటాక రొయ్యలు లోపలికి దిగాయి. పొద్దున వల తిప్పితే పదకొండు చచ్చినవి దొరికాయి. ఇంకో గంట గడిచి ఉంటే లెక్క వేరేగా ఉండేది.

ప్యానెల్‌లో పీఎల్‌సీ పచ్చలైటు. లాగ్‌లో లోపం ఒక్కటీ లేదు. 10 సెకన్లకోసారి రైట్, 'గుడ్'. గుండె చప్పుడు సరిగ్గా ఉంది. ఆక్సిజన్ విలువ దగ్గర మాత్రం అంకె లేదు, 'నాన్' అని ఉంది. అంకె కానిది అని అర్థం.

జరిగింది ఇదీ. పందికొక్కు గట్టులో బొరియ తవ్వుతూ సెన్సర్ వైరు కొరికేసింది. కోడ్ రాసేది నిమిషం రీడింగుల సగటు. ఆ నిమిషంలో ఒక్క రీడింగూ రాలేదు, చుట్టు మాత్రం పూర్తవుతూనే ఉంది. ఖాళీ జాబితాకు నమ్‌పై (పైథాన్ లెక్కల లైబ్రరీ)ని సగటు అడిగితే లోపం ఇచ్చి ఆగదు, నాన్ ఇస్తుంది. నాన్ కూడా ఫ్లోట్ రకమే కాబట్టి టైప్ మిస్‌మ్యాచ్ రాలేదు, సర్వర్ తీసుకుంది. పీఎల్‌సీలో లాజిక్ 'ఆక్సిజన్ సెట్‌పాయింట్ కంటే తక్కువైతే నడుపు'. నాన్‌ను దేనితో పోల్చినా తక్కువా కాదు, ఎక్కువా కాదు. నడపలేదు.

ఆ రాత్రి తర్వాత మార్చినవి:

1. పీఎల్‌సీలో షరతు తిరగేశాం. 'తక్కువైతే నడుపు' పోయి 'ఎక్కువని తేలకపోతే నడుపు' వచ్చింది. ఆపడానికీ అంతే: సెట్‌పాయింట్ కంటే 0.5 ఎక్కువని తేలితేనే ఆపు. విలువ నాన్ అయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది. కరెంటు కాలితే కాలనీ.
2. కోడ్‌లో రాసే ముందు: అంకెనా కాదా, 0 నుంచి 20 మధ్య ఉందా, నిమిషంలో కనీసం 4 రీడింగులు వచ్చాయా. ఒక్కటి తప్పినా విలువ రాయదు.
3. విలువతో పాటు స్టేటస్ పంపలేము కాబట్టి, 'విలువ నమ్మొచ్చు' అని ఒక బిట్ ట్యాగ్ పెట్టాం. చెరువుకు ఒకటి. అది 0 అయితే ఆ చెరువు టైమర్‌తో సంబంధం లేకుండా పూర్తిగా ఆన్.
4. సెన్సర్ వైరు జీఐ పైపులో వేశాం. రూ. 3,600.

ఇందులో మొదటిది చాలా చిన్న మార్పు, రెండు లైన్లు. మొదటి రోజే అలా రాసి ఉంటే బాబాయ్‌కి ఆ రాత్రి మెలకువ రావాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఇప్పటిదాకా: రూ. 69,880.

దశ 8: మోటారు నిజంగా తిరిగిందా (22 నుంచి 26వ రోజు)

కాంటాక్టర్ పడిందని దాని సహాయక కాంటాక్ట్ చెబుతుంది. మూడు మోటార్లలో ఒకదాని ఓవర్‌లోడ్ రిలే (ఎక్కువ కరెంటు లాగితే మోటారును ఆపేది) ట్రిప్ అయితే అది చెప్పదు. బ్యాంకుకు ఒక కరెంటు సెన్సర్ చొప్పున నాలుగు (రూ. 4,600), పీఎల్‌సీకి అనలాగ్ మాడ్యూల్ (రూ. 9,500) పెట్టాం.

క్లాంప్ మీటరుతో కొలిచినవి:

- మూడు మోటార్లూ తిరుగుతుంటే: 9.6 యాంపియర్లు
- ఒకటి ఆపితే: 6.4
- రెండు ఆపితే: 3.2

7.5 కంటే తక్కువైతే అలారం అని పెట్టాను. మూడో రోజే మొదటి చెరువు రెండో బ్యాంకు 6.4 చూపించింది. వెళ్లి చూస్తే ఒక ఏరియేటర్ రెక్కలకు పాత వల చుట్టుకుని రిలే ట్రిప్ అయింది. దాన్ని పీఎల్‌సీ 'ఆన్' అనే చూపిస్తోంది, కోడ్ కూడా.

ఇంకో చిన్న మార్పు: కరెంటు పోయి జనరేటర్ మీదకు మారినప్పుడు నాలుగు బ్యాంకులూ ఒకేసారి పడి జనరేటర్ కూలబడుతోంది. పీఎల్‌సీలో బ్యాంకుకూ బ్యాంకుకూ మధ్య 6 సెకన్లు ఎడం పెట్టాం. ఇది కోడ్‌తో చేయకండి, పీఎల్‌సీలోనే ఉండాలి.

ఇప్పటిదాకా: రూ. 83,980.

40వ రోజు: ఇప్పుడు ఎలా ఉంది

రోజుకు 8,640 చుట్లు. రైట్ ఫెయిల్ అయ్యేవి రోజుకు రెండు మూడు, అన్నీ కరెంటు పోయి వచ్చే సమయంలోనివే. ఎండ కాసిన రోజుల్లో బ్యాంకుకు రాత్రికి సగటున 7 గంటల 10 నిమిషాలు తిరుగుతున్నాయి, పాత టైమర్‌తో అది 10 గంటలు. ముసురు రోజుల్లో 13 గంటలు కూడా తిరిగాయి. బావ మొదట బిల్లు తగ్గుతుందని ఒప్పుకున్నారు. ఇప్పుడు మాత్రం, పగలు 11కి మబ్బు వేసినప్పుడు చక్రాలు వాటంతటవే పడటం చూశాక, మూడో చెరువుకు సెన్సర్ ఎప్పుడని అడుగుతున్నారు.

సెన్సర్ ముఖాన నాచు పట్టి విలువ మెల్లగా పక్కకు జరగడం ఇంకా తీరని సమస్య. వారానికోసారి మెత్తటి గుడ్డతో తుడిచి చేతి మీటరుతో పోలుస్తున్నాం. తుడవకముందు తేడా 0.4, తుడిచాక 0.1. బాబాయ్ ఆదివారం ఆదివారం తుడిచి, రెండు అంకెలూ షెడ్డు గోడ మీద సుద్దతో రాస్తున్నారు. ఆ అంకెలను ఫోన్ నుంచి ఎక్కించే పేజీ ఈ వారం పని.

ఆటో, ఆఫ్, మాన్యువల్ స్విచ్‌లు మాత్రం తీయలేదు. మాన్యువల్‌కు తిప్పితే పీఎల్‌సీతో పని లేకుండా కాంటాక్టర్‌కు నేరుగా కరెంటు వెళ్తుంది. స్విచ్ ఎటు ఉందో కోడ్‌కు తెలియాలని ఆ స్థితిని కూడా ఒక ట్యాగ్‌లో పెట్టాం. దాని యాక్సెస్ లెవెల్ 1.